నిలబడ్డవాడి చెయ్యి

మావయ్య పోయారని అత్త ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ప్రపంచ శాంతిలో చిన్న దేశాల పాత్రను చర్చించమని ప్రశ్న. ఒక విద్యార్థి రెండు వాక్యాలు రాసి వదిలేశాడు. ఎన్ని మార్కులు వెయ్యాలో తోచక కలం పట్టుకుని కూర్చుని ఉన్నాను.

"మీ మావయ్య ఎలిపోయారమ్మా. టీ పెట్టి తెచ్చేసరికి ఎలిపోయారు" అంది అత్త. మళ్ళీ తనే, "టీవీ ఇంకా మోగతానే ఉంది. ఆపడానికి నాకు చెయ్యి రావట్లేదు" అంది.

ఆ టీవీలో ఏ వార్తలు నడుస్తున్నాయో నేను అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

ఆయన నాకు చుట్టం కాదు. భిలాయి ఉక్కు కర్మాగారం సెక్టారులో వాళ్ళ క్వార్టరూ మా క్వార్టరూ ఒకే గోడకి అటూ ఇటూ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, బ్లాస్ట్ ఫర్నేసులో కూలీగా చేరి, ఫోర్‌మన్‌గా దిగిపోయారు. రిటైరయ్యాక ఊరి పక్కనే రిసాలిలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. పిల్లల్లేరు. గోడ అవతలి పిల్లనని నన్నే కేకలేసేవారు, నన్నే ముద్దు చేసేవారు. చిన్నప్పుడు 'ఏటే గుంటా' అని పిలిచిన మనిషి, నాకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచీ 'ప్రొఫెసరమ్మా' అని ఆటపట్టించేవారు.

నిప్పుకి సంబంధించిన ఏ పనైనా ఆయన ఒక పద్ధతిలో చేసేవారు. దీపావళికి చిచ్చుబుడ్డి పెట్టి, కాకరపువ్వొత్తి పట్టుకుని, మా అందరికేసీ చూసేవారు. పిల్లలందరూ చెయ్యెత్తాలి. ఎత్తితేనే వెలిగించేవారు. ఒకసారి నేను పంతానికి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు, బతిమాలలేదు. కాకరపువ్వొత్తి చేతిలోనే కాలిపోయింది, ఇంకోటి తీశారు. మా క్వార్టర్ల లైనులో పిల్లలంతా నామీద పడి అరిచారు. "ఊరుకోండర్రా, దానికి ఇంకా కుదర్లేదు" అన్నారు, అంతే.

ఆ పద్ధతి ఫర్నేసు నుంచి ఇంటికి తెచ్చుకున్నది. ఫర్నేసు పొట్టకి రంధ్రం చేసి, కరిగిన ఇనుముని కాలువలోకి వదులుతారు. ఆ హోరులో మాట వినబడదు. వినబడినా ఏ భాషలో అరవాలి? ఆయన గ్యాంగులో మనవాళ్ళున్నారు, ఛత్తీస్‌గఢీలున్నారు, ఒడియావాళ్ళున్నారు, ఒక సర్దార్జీ ఉన్నాడు. అందుకని సైరన్ మోగాక కాలువ పక్కన నిలబడ్డ ప్రతివాడూ చెయ్యెత్తాలి. నా జాగాలో నేనున్నాను, చూసుకున్నాను, కానివ్వండి అని దాని అర్థం. ఒక్క చెయ్యి తక్కువైనా రంధ్రం చేసే డ్రిల్లు మనిషికి మావయ్య సైగ ఇచ్చేవారు కాదు. పుస్తకంలో రాసిన రూలు కాదిది, ఆ గ్యాంగు రూలు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక చిన్న దేశం నుంచి కొందరు ఇంజనీర్లు మా ఊరికి శిక్షణకి వచ్చారు. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు 'ఓహో, అదా' అని పేజీ తిప్పేస్తారు. నేనైనా తిప్పేస్తాను. మా స్కూలు అట్లాసులో ఆ దేశం పేరు ఆ దేశంలో పట్టక పక్కనున్న సముద్రంలో రాశారు. అలా వచ్చినవాళ్ళలో ఒకతను మావయ్య గ్యాంగులో పడ్డాడు. గెస్ట్‌హౌస్ తిండి సయించక చిక్కిపోతుంటే ఆదివారాలు ఇంటికి తీసుకొచ్చేవారు. లైనంతా అతన్ని 'మెహమాన్' అనేది, అతిథి అని. కొన్నాళ్ళకి అతని అసలు పేరు మాకు గుర్తులేకుండా పోయింది.

మొదటి ఆదివారం అతను కింద బాసీపట్టు వేసుకుని అత్త పెట్టిన వంకాయ కూరతో తంటాలు పడుతుంటే, మావయ్య మా నాన్నకి జరిగింది చెప్పారు.

"సైరన్ అయింది. అందరి చేతులూ లేచాయి. ఇతగాడిది లేదు. ఇన్‌ఛార్జి సాబ్ పైనుంచి ఒకటే కేకలు. నానెళ్ళి, 'క్యా భాయ్, హాథ్ కహా?' చెయ్యేదీ అన్నాను. ఏటన్నాడనుకున్నావు? 'నేను ట్రైనీని సార్, నా చెయ్యి లెక్కలోకి రాదనుకున్నాను' అన్నాడు. లెక్కలోకి రాదంట. నిప్పెగిరిందంటే, ఇది ట్రైనీ కాలు, ఒగ్గేద్దాం అనుకుంటాదేటి? ఇక్కడ నిలబడ్డావా నేదా? నిలబడ్డోడి చెయ్యి లేవాలి. అంతే."

అందరం నవ్వాం. మెహమాన్ కూడా నవ్వాడు. తర్వాత కంచంలోకి చూస్తూ, నేర్చుకున్న కాస్త హిందీలో అన్నాడు: "ఉస్తాద్, మా దేశంలో అందరం అలాగే అనుకుంటాం. పెద్ద దేశాలవాళ్ళు ఎక్కడో కూర్చుని మా గురించి మాట్లాడుకుంటారు. మాతో మాట్లాడరు. అయిపోయాక, మీకు శాంతి వచ్చిందని కబురు పంపిస్తారు."

వాళ్ళకొక ఇనుపరాయి కొండ ఉందట. ఆ కొండ ఓడలెక్కి వెళ్ళిపోతుందట. కొన్నేళ్ళు రేకులై తిరిగొస్తుంది, కొన్నేళ్ళు తూటాలై తిరిగొస్తుంది.

"ఏటి, మీ కొండ మీకే అమ్ముతున్నారా?" అన్నారు మావయ్య. "ఓ బుల్లి ఫర్నేసు పెట్టుకోండి. నాగళ్ళు చేసుకోండి, రేకులు చేసుకోండి."

"అందుకే వచ్చాను ఉస్తాద్."

అప్పుడు మావయ్య అన్న మాట ఇన్నేళ్ళూ నా క్లాసులో వాడుకున్నాను, ఎవరిదో చెప్పకుండా. "మాకూ ఎవలో ఒచ్చి చెయ్యందించారు. నేర్పారు. నేర్పి ఎలిపోయారు. ఎలిపోబట్టి మేం నిలబడ్డాం. సాయం చేసినోడికి ఎలిపోడం కూడా తెలియాల."

మెహమాన్ వెళ్ళిపోయాక ఉత్తరాలొచ్చేవి. ఇంగ్లీషులో ఉండేవి గనక నేను చదివి చెప్పేదాన్ని, మావయ్య చెప్పింది ఇంగ్లీషులో పెట్టేదాన్ని. నేను రాజనీతి శాస్త్రం చదవడానికి కారణం ఏమిటని ఇంటర్వ్యూలో అడిగితే ఏదో గొప్ప జవాబిచ్చాను గానీ, నిజానికి కారణం ఆ ఉత్తరాలే. ఫర్నేసుకి ఒక దేశం అప్పిచ్చింది. యంత్రాలు ఇంకో దేశం ఇస్తానంది. ఆ రెండు దేశాలకీ పడలేదు. షెడ్డు మాత్రం లేచింది. మరికొన్నాళ్ళకి ఆ షెడ్డులో సైనికులు దిగారని రాశాడు. 'వాళ్ళు మా సైనికులో కాదో తెలియడం లేదు ఉస్తాద్' అని రాశాడు. ఆ వాక్యాన్ని మావయ్య నాచేత మూడుసార్లు చదివించుకున్నారు.

తర్వాత ఉత్తరాలు పోయి ఫోన్లొచ్చాయి. మావయ్య తొంభై తప్పులతో హిందీ మెసేజీలు కొట్టడం నేర్చుకున్నారు. మెహమాన్ తన పెరటి బొప్పాయి చెట్టు ఫొటో పెడితే, మావయ్య తన కరివేపాకు మొక్క ఫొటో పెట్టేవారు. అక్కడ మళ్ళీ యుద్ధం మొదలైన వారంలో అతని గొంతు మెసేజీగా వచ్చింది. వెనక ఏవో మోతలు. "ఉస్తాద్, యహా కిసీ నే హాథ్ నహీ పూఛా." ఇక్కడ ఎవరూ చెయ్యెత్తమని అడగలేదు అని.

అదే ఆఖరు. ఆ తర్వాత మావయ్య పంపినవన్నీ అవతల అందకుండా ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి. రోజూ పొద్దున్నే కళ్ళజోడు నుదుటి మీదకి జరుపుకుని ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవారు. "ఒకటే" అనేవారు అత్తతో. చక్కెర పరీక్షలో అంకె చెప్పినట్టు చెప్పేవారు.

కిందటేడాది చివర్లో ఆ యుద్ధం మీద చర్చలు మొదలయ్యాయి. దూరదేశంలో పెద్ద హోటలు, పొడుగు బల్ల, నీళ్ళ సీసాలు. నేను రిసాలి వెళ్ళేసరికి మావయ్య టీవీకి ముక్కు ఆనించి ఉన్నారు.

"వీళ్ళల్లో మనోడి దేశపోడెవడే?"

"ఎవరూ లేరు మావయ్యా. వీళ్ళంతా మధ్యవర్తులు. ఆయుధాలిచ్చినవాళ్ళు, అప్పిచ్చినవాళ్ళు."

"మరి సంతకం ఎవులు పెడతారు?"

"వీళ్ళే."

ఆయన టీవీ మీంచి నాకేసి తిరిగారు. "ఇంత సదువు సదివావు. ఇది తప్పని నీ పుస్తకాల్లో ఎక్కడా నేదా?"

"ఉంది మావయ్యా. ప్రతి పుస్తకంలోనూ ఉంది."

"అయితే ఆళ్ళకి సదవడం రాదేమో. నాను సెప్తాను, నువ్వు రాయి."

వారం తిరిగేసరికి తనే రాసి ఉంచారు. చిత్తుపుస్తకం కాగితం, దిద్దిదిద్ది రాసిన తెలుగు అక్షరాలు. ఆ చర్చలు జరిపిస్తున్న ఆఫీసుకి ఇంగ్లీషులో పెట్టి పంపమన్నారు. అందులో ఉన్నదింతే:

'అయ్యా, నేను ఫర్నేసు మనిషిని. నాకు రాజకీయం తెలియదు. నిప్పు తెలుసు. నిప్పు తెరిచే ముందు పక్కన నిలబడ్డవాడిని అడగాలి. మీ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఎవరూ ఆ నిప్పు పక్కన లేరు. నిప్పు పక్కన ఉన్నవాళ్ళు ఎవరూ మీ బల్ల దగ్గర లేరు. అక్కడ నాకు తెలిసినవాడు ఒకడున్నాడు. బతికే ఉంటాడు. అతన్ని పిలవండి. చెయ్యెత్తడం అతనికి నేను నేర్పాను.'

ఇంటికొచ్చి కంప్యూటరు తెరిచాను. ఆ ఆఫీసు వెబ్‌సైటులో ఒక ఫారం ఉంది. మీరు ఏ సంస్థకి ప్రతినిధి అని అడిగింది. ఖాళీగా వదిలితే ముందుకి కదలదు. అక్కడ ఆగిపోయాను. ఆ గడి వల్ల ఆగానని ఎవరికైనా చెప్పుకోవచ్చు. నిజం అది కాదు. ఆ కాగితాన్ని ఇంగ్లీషులో పెడుతుంటే నాకు సిగ్గేసింది. పాఠం చెప్పేదాన్ని కదా, ఇలాంటివి ఎవరూ చదవరని నాకు తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు ఎలా పంపను? పంపితే ఏమవుతుంది, పంపకపోతే ఏమవుతుంది అని రెండు వైపులా వాదించుకుని, రెంటికీ ఒకటే జవాబు రావడంతో కంప్యూటరు మూసేశాను.

"పంపావా ప్రొఫెసరమ్మా?"

"పంపాను మావయ్యా."

ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా చెప్పులు విప్పకముందే, "జవాబొచ్చిందా?" రాలేదనేదాన్ని. "పెద్దాఫీసు కదా. టైం పడతాది" అని నాకే ధైర్యం చెప్పేవారు. ఒకసారి మాత్రం, "నా తెలుగు సరిగ్గా లేదేటి?" అని అడిగారు. బాగుందన్నాను. ఆ ఒక్కటీ నిజమే చెప్పాను.

ఇప్పుడైనా పంపవచ్చు కదా అని మీరనవచ్చు. మావయ్య పదోరోజు అయ్యాక పంపాను. సంస్థ అన్న గడిలో 'ఫర్నేసు ట్యాపింగ్ గ్యాంగు, భిలాయి' అని కొట్టాను. ఫారం కదిలింది. అంత సులువుగా కదిలింది. నిమిషం తిరక్కుండా జవాబు కూడా వచ్చింది. మీ సందేశం అందింది, ఇది యంత్రం పంపిన జవాబు, దీనికి తిరిగి జవాబివ్వకండి అని. చర్చలు అప్పటికే ముగిశాయి. శాంతి కుదిరిందని టీవీలో చెప్పారు. ఆ సాయంత్రమే అక్కడ ఎక్కడో బాంబు పడిందని అదే టీవీలో చెప్పారు. మెహమాన్ నంబరుకి మావయ్య పోయిన కబురు నేనే పెట్టాను. ఒక్క టిక్కు.

మా వాళ్ళల్లో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. మావయ్యని తీసుకెళ్ళిన రోజు మాత్రం అత్త నన్ను పక్కకి పిలిచి, "నువ్వెళ్ళమ్మా. ఆయన ఉత్తరం నీ దగ్గిరే కదా ఉంది. జవాబొచ్చుంటే ఆయన చెవిలో సెప్పు" అంది. నేను తల ఊపి వెళ్ళాను. అప్పటికింకా పంపని ఆ కాగితం నా సంచీలోనే ఉంది.

గ్యాంగులో మిగిలినవాళ్ళు ముగ్గురే వచ్చారు. కర్ర పట్టుకుని, ఒకప్పటి డ్రిల్లు మనిషి ఛత్తీస్‌గఢీ దాదా, సర్దార్జీ, ఖుర్సీపార్‌లో కిరాణా కొట్టు పెట్టుకున్న మా తెలుగాయన. చితి పేర్చారు. ఊరి నుంచి వచ్చిన మావయ్య అన్నగారబ్బాయి కొరివి అందుకున్నాడు. అప్పుడు దాదా కర్ర పక్కన పడేసి, కుడిచెయ్యి పైకెత్తాడు. సర్దార్జీ ఎత్తాడు. కొట్టాయన ఎత్తాడు. అన్నగారబ్బాయి ఏమీ అర్థంకాక, కొరివి లేని చెయ్యి తనూ ఎత్తాడు. దాదా ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"బేటీ, హాథ్."

నా రెండు చేతులూ సంచీ మీదే ఉన్నాయి. ఎవరూ తొందరపెట్టలేదు. అన్నగారబ్బాయి చేతిలో కొరివి కాలిపోతోంది. దాదా ఎత్తిన చెయ్యి దించలేదు. నేను నిలబడ్డాను కనక, నా ఒక్కదాని చెయ్యి కోసం ఆ ముసలివాళ్ళు ముగ్గురూ నిప్పుని ఆపి నాకేసి చూస్తున్నారు.