కాలరక్క పాటలు విన్నవాళ్ళు

కాలరక్క ఏడు పాటలు కట్టి, తనే పాడి, ఫోన్లలోకి వదిలింది. విన్నవాళ్ళంతా ఆమెను ఒకటే అడిగారు: "ఎవరమ్మా వాడు?"

వాడెవడూ లేడు. ఆ మాట చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పి పుట్టింది.

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది గనక ఆమె కాలరక్క. అక్కడ ఎవరు ఏ ముక్క కుడితే అదే పేరు. పక్క మిషను మీద జేబులు కుట్టేది జేబులామె. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఒకరికి దారం తెగితే రెండో మనిషి చెయ్యి దానంతటదే వెళ్ళి ఎక్కించేది. ఎండలు ముదిరిన రోజుల్లో, కరెంటు బిల్లు పెరుగుతోందని గోడవైపు ఫ్యాన్లు ఆపేశారు. ఒక మధ్యాహ్నం జేబులామె కుడుతూ కుడుతూ మిషను మీదే తల వాల్చేసింది. నీళ్ళు చల్లి, లేపి, ఇంటికి పంపారు. మర్నాడు పనికొస్తే గేటు దగ్గరే ఆపి, "నీకు ఒంట్లో ఓపిక లేదు, ఇంటిపట్టున ఉండు" అన్నారు. ఫ్యాన్లు ఆపించినవాడి ఓపికకు మాత్రం ఏ లోటూ రాలేదు.

కాలరక్క సూపర్‌వైజరును అడిగింది. ఆఫీసులో అడిగింది. అడిగి అడిగి విసుగెత్తి పాటలు కట్టింది. ఆమె తమ్ముడికి మైకుసెట్టు ఉంది. తన గది గోడలకు దుప్పట్లు వేలాడదీసి, గిటారు వాయించే స్నేహితుణ్ణి ఓ మూల కూర్చోబెట్టి రికార్డు చేశాడు. ఆమె గొంతే కింది స్థాయిది, పాటలూ అలాగే నెమ్మదిగా వచ్చాయి. ఖాళీ కుర్చీ మీద ఒకటి, తెగిన దారం మీద ఒకటి, తిరగని ఫ్యాను రెక్కల మీద ఇంకొకటి. నలుగురూ వింటే ఆ మనిషి ఏమైందని నలుగురూ అడుగుతారు, నలుగురూ అడిగితే కంపెనీ సిగ్గుపడి ఆమెను పిలుస్తుంది. కాలరక్క ఆశ అదీ.

ముందుగా ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, మా అన్నయ్య నిన్ను బాగానే చూసుకుంటున్నాడు కదా? వినేవాళ్ళు ఏమనుకుంటారు?"

మొగుడు ముభావంగా తిరిగి తిరిగి చివరికి నోరు విప్పాడు. "ఆ కుర్చీ ఎవరిదో చెప్పెయ్యి. కోప్పడనులే."

"జేబులామెది. నీ చొక్కా జేబు చిరిగితే మనింటికొచ్చి కుట్టి వెళ్ళింది కూడా."

"మరి ఆ సంగతి పాటలో చెప్పొచ్చుగా?"

"చెప్పాను. మూడో చరణంలో."

"అప్పటికి నాకు నిద్రపట్టేసింది."

నిద్ర విషయంలో ఆయన ఒంటరివాడేం కాదు. పక్కింటి పిన్ని గుమ్మంలోనే ఆపి మెచ్చుకుంది. "నీ పాట పెడితే చాలు, మా మనవడు ఠక్కున పడుకుంటున్నాడే తల్లీ. ఇంకో నాలుగు పాడి పుణ్యం కట్టుకో."

ఫోనులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసినవి సరేసరి. వాన పడుతుంటే టీ తాగుతూ వినాల్సిన పాటలట. పాత ప్రియురాలు గుర్తొచ్చిందని ఒకడు, కాస్త బీటు పెట్టమని ఒకడు. సంగీతం తెలిసిన పెద్దమనిషి ఒకాయన, ఈ పాటల్లో గొప్ప మౌనం ఉందని పేజీడు రాశాడు. ఆవిడ నోరారా చెబుతోంది, ఈయనకు మౌనం వినిపించింది.

"అక్కా, హిట్టే మనది. అందరూ హాయిగా ఉందంటున్నారు" అన్నాడు తమ్ముడు.

"వీళ్ళ హాయి కోసమట్రా నేను ఏడ్చింది?"

కష్టం గట్టిగా చెబితే గొడవ అంటాం. మెల్లగా చెబితే హాయిగా ఉందంటాం. ఏ గొంతుతో చెబితే చెవికెక్కుతుందో వినేవాళ్ళమే చెప్పాలి.

హాయిగా ఉందన్నవాళ్ళలో ఫ్యాక్టరీ మేనేజరు కూడా ఉన్నాడు. ఇలాంటివి వింటే ఆడవాళ్ళు గొడవ చెయ్యకుండా కుదురుగా పనిచేసుకుంటారని, భోజనాల తర్వాత పెట్టే డప్పుపాటలు తీయించి, ఈ ఏడు పాటలూ పెట్టించాడు. ఒక్కరోజు కూడా మిషను ముందు కూర్చోనివాడే చేయగల తప్పు అది. కుట్టేవాళ్ళ కాలు పాట వెంట పోతుంది. డప్పు మోగితే పెడలు మీద బిగుస్తుంది, పాట నెమ్మదిగా సాగితే కాలూ నెమ్మదిస్తుంది. సాయంత్రానికి బుట్టలు సగం కూడా నిండలేదు. మర్నాడూ అంతే. మేనేజరు దారాన్ని తిట్టాడు, సూదుల్ని తిట్టాడు, ఆడవాళ్ళను తిట్టాడు. చివరికి సూపర్‌వైజరు నసిగాడు: "పాట సార్."

మేనేజరు స్వయంగా కాలరక్క మిషను దగ్గరికొచ్చాడు. వరసంతా పెడళ్ళ మీంచి కాళ్ళు తీసి చెవులప్పగించింది.

"పాట చాలా బాగుందమ్మా, మా ఆవిడ కూడా వింటుంది. ఇదే కాస్త హుషారుగా పాడి ఇవ్వు. ఖర్చు కంపెనీదే."

"ఇది ఎవరి గురించో తెలుసా సార్?"

"ఎవరో వదిలేసి పోయినట్టున్నాడు..."

"ఎవరూ పోలేదు. మీరే గేటు దగ్గర ఆపారు. జేబులామె వచ్చి ఇక్కడ కూర్చుంటే నాకే హుషారొస్తుంది. అప్పుడు పాడతాను."

చొక్కా చేతులు కుట్టే పిల్ల వెనక వరసలోంచి తల ఎత్తింది. "ఇది మన జేబులామె గురించా అక్కా? నేను మా బావను తలుచుకుని కళ్ళు వాచేలా ఏడ్చానే."

అందరూ నవ్వారు. మేనేజరు వెళ్ళిపోయి, స్పీకరులో మళ్ళీ డప్పు పెట్టించాడు. కానీ చేతుల పిల్ల ఖాళీ కుర్చీ పాట కూనిరాగం తీసింది. పక్కావిడ అందుకుంది. కాసేపట్లో డప్పు కింద నుంచి వరసంతా అదే రాగం. ఈసారి కాళ్ళు తెలియక నెమ్మదించలేదు, తెలిసే నెమ్మదించాయి. మూసిన నోళ్ళలోంచి వచ్చే రాగాన్ని సూపర్‌వైజరు ఎవరి దగ్గరని పట్టుకుంటాడు? వారం తిరక్కముందే జేబులామెకు కబురు వెళ్ళింది.

ఆమె వచ్చింది. ఫ్యాన్లూ తిరిగాయి, అన్నీ కాదు. మనిషిని మాత్రం కొత్తగా చేరినట్టు రాసుకున్నారు. అన్నేళ్ళ సర్వీసు గాలికి పోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కాలరక్క తన ఇయర్‌ఫోన్లు ఆమె చెవుల్లో పెట్టింది. జేబులామె నములుతూ పాట మొత్తం వింది. మొహంలో ఏమీ కనపడలేదు. తర్వాత ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఒసేయ్, నేనేమైనా చచ్చిపోయానా? ఈ ఏడుపేంటే?"

"నీకోసమే కదే కట్టింది."

"కట్టావులే. ఈ సర్వీసు ఎగ్గొట్టిన సంగతి మీద కూడా ఒకటి కట్టు. ఇంకా నెమ్మదిగా పాడు."