కడిగిన బూట్లు

కప్పలకూ బల్లులకూ చేపలకూ కొత్తగా పుట్టుకొస్తున్న వైరస్‌లు ఎక్కడెక్కడికి పాకుతున్నాయో కనిపెట్టే పని ప్రపంచమంతటా జరుగుతోంది. ఫిజీలో కొన్నేళ్ళు ఆ పని నా నెత్తిన పడింది. పేరు గొప్ప ఊరు దిబ్బ. చేసేది మాత్రం చెరుకు తోటల బురదలో గోదురుకప్పల నోళ్ళు దూదిపుల్లతో తుడవడం.

ఒక నీటి నుంచి ఇంకో నీటికి వెళ్ళేముందు వైరస్ వెంట రాకుండా బూట్లు మందునీళ్ళలో ముంచి తీరాలి. ఆ రోజు సబేటో వాగులో చచ్చిన కప్పల్ని చూసి, ఆకలితో ద్రాసాలో మా పెద్దమ్మ ఇంటికి వచ్చాను. మందు బకెట్టు వ్యాన్‌లోనే ఉంది. బూట్లు గుమ్మంలో విడిచి అన్నానికి కూర్చున్నాను. నేను చెయ్యి కడుక్కునేలోపు పెద్దమ్మ వాటిని తన తిలాపియా చేపల గుంటలో శుభ్రంగా కడిగి ఎండలో పెట్టేసింది. ఇంటికొచ్చిన బిడ్డను బురద బూట్లతో పంపడం ఆవిడ ఇంటా వంటా లేదు. చూశాను. అవి ఆరాక తొడుక్కుని వచ్చేశాను.

చెరుకు లీజు పోయాక ఆవిడకు మిగిలిన ఆధారం ఆ గుంటే. కొన్నాళ్ళకే చేపలన్నీ చచ్చి తేలాయి.

"పక్కోడే బేటీ! వాడి డ్రెయిన్ పానీ నా పాండ్‌లో వచ్చింది," అంది పెద్దమ్మ.

పక్కాయన, ఆవిడకు గుండెనొప్పి వస్తే చెరుకు లారీలోనే లౌటోకా ఆసుపత్రికి చేర్చిన మనిషి. ఆయన కాలువలో కప్పల్ని పరీక్షించాను, ఒక్కదానికీ రోగం లేదు. పెద్దమ్మ చేపల్లో, సబేటో కప్పల్లో మాత్రం ఒకటే వైరస్.

వెళ్ళినప్పుడల్లా "రిపోర్ట్ ఆయా?" అని అడిగేది. "ఇంకా రాలేదు పెద్దమ్మా," అనేదాన్ని. రిపోర్టు నా సంచిలోనే ఉండేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే చేపల్ని చంపింది తన ప్రేమేనని ఆవిడకు తెలుస్తుంది, చెప్పకపోతే పక్కాయన దోషిగానే మిగులుతాడు. నా మీద నాకే అసహ్యమేసేది.

ఆయన కూతురి పెళ్ళికి వెళ్ళేది లేదని పెద్దమ్మ తేల్చేసిన రోజు ఇక ఊరుకోలేకపోయాను. అప్పటికే నా తడి బురద బూట్లు మళ్ళీ కడగడానికి ఆవిడ చేతిలో ఉన్నాయి.

"ఆయన తప్పేం లేదు పెద్దమ్మా. రోగం తెచ్చింది నా బూట్లు," అన్నాను. కడగడం సంగతి ఎత్తలేదు. తప్పు నా దగ్గరే ఆగుతుందనుకున్నాను.

ఆవిడ బూట్లను చూసింది, గుంటను చూసింది.

"ఆ బూట్ నేనే కడిగినా కదా, బేటీ."

వాటిని మెట్టు మీద పెట్టి, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ పక్కింటి కంచె వైపు నడిచింది. నేను వట్టి కాళ్ళతో వరండాలోనే ఉండిపోయాను.