రేవు రాకాసి నోరు

మా అత్తగారు కోపం వస్తేనే నన్ను ‘గారు’ అనేవారు. మామూలు రోజుల్లో ‘ఏమ్మా’, ‘ఇలా రా’. కోపం రాగానే గొంతు తగ్గేది, కళ్ళద్దాలు తీసి కొంగుతో నిదానంగా తుడుచుకునేవారు, ఆ తర్వాత “కోడలు గారూ” అని మొదలుపెట్టేవారు. ఆ పిలుపు వింటే నా అరికాళ్ళు చల్లబడేవి. పెళ్ళైన కొత్తలో ఓ రోజు భోజనాల దగ్గర పులుసు నోట్లో పెట్టుకుని, “కోడలు గారూ, చాలా బావుందండి. మనింట్లో ఇంత ఉప్పుందని నాకే తెలీదు” అన్నారు. వచ్చిన చుట్టాలు అది మెచ్చుకోలే అనుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి, మరిచిపోతానేమోనని ఆ మాటను పప్పుల డబ్బా మూత లోపల పెన్సిలుతో రాసుకున్నాను. నా బుద్ధి అప్పటికే అంత వంకరగా ఉండేది.

నా బొమ్మల కథ నా పెళ్ళికంటే పాతది. మాది రాజోలు వైపు గోదావరి మధ్య ఒక లంక. హైస్కూలుకి పడవ మీద వెళ్ళాలి. రేవులో పడవ కోసం కూర్చున్నంతసేపూ లెక్కల పుస్తకం చివరి పేజీ నుంచి వెనక్కి బొమ్మలు వేసుకుంటూ వచ్చేదాన్ని. అది ఏడు లంకల రాజ్యం. అక్కడ ప్రతి వరదకీ లంకలు చోటు మారతాయి. నిన్న పక్కనే ఉన్న ఊరు ఇవాళ మూడు పాయలకు అవతల ఉంటుంది. అందుకని ఆ రాజ్యంలో ఎవరూ ఎవరితోనూ ‘రేపొస్తా’ అనరు. తొంభై ఆరు తుఫానుకి మా కొబ్బరిచెట్లు తలలు విరిగి మోళ్ళయిపోయాయి. మా నాన్న తోటలో కూలబడి ఏడుస్తుంటే, నేను నోటుపుస్తకం తెచ్చుకుని ఆయన ఎదురుగానే కూర్చుని ఆ మోళ్ళను తలల్లేని సైనికులుగా వేశాను. నాన్న చూశాడు. ఆ సైనికులు తర్వాత చాలా ఏళ్ళు నా కథలో కోటకు కాపలా కాశారు.

కోటలున్నాయి, పగలున్నాయి, పడవ నడిపే ఒక మొండి పిల్ల ఉంది. మాటలే లేవు. నా రాజ్యంలో అందరూ బడి వార్షికోత్సవం నాటకంలో లాగా మాట్లాడేవారు. లోపం ఎక్కడుందో అత్తవారింటికి వచ్చాక తెలిసింది. వాళ్ళెవరూ ఎవరినీ సరిగ్గా నొప్పించడం లేదు.

అత్తవారిది ఐనవిల్లి దగ్గర పల్లె. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. మా ఆయనకు అమలాపురంలో జిరాక్సు షాపు ఉండేది. తర్వాత అందులోనే నాలుగు కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్టు కూడా మొదలుపెట్టారు. గల్ఫులో ఉన్నవాళ్ళకు పిల్లల ఫొటోలు స్కాను చేసి పంపడం ఆయనకు రోజూ ఉండే పని. “నీ బొమ్మలు కూడా నెట్లో పెడదామా?” అని ఒకసారి సరదాగా అన్నారు. నేను సరదాగా తీసుకోలేదు. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు అక్షరాలు కొడితే అవతలివాళ్ళకు డబ్బాలు డబ్బాలుగా కనిపించేవి. అందుకని మాటలన్నీ బొమ్మ మీద నా చేత్తోనే రాసేదాన్ని. గల్ఫు వాళ్ళకు శుక్రవారం సెలవు కాబట్టి, ప్రతి గురువారం సాయంత్రానికల్లా ఒక పేజీ నెట్లోకి ఎక్కాలి. ఆయన దాన్ని ఫైల్లో పెట్టుకుని స్కూటరు మీద పట్టుకెళ్ళేవారు. ఒక్కనాడూ చదివిన పాపాన పోలేదు. పాస్‌పోర్టు కాయితాలు స్కాను చేసినట్టే ఇవీ చేసేవారు.

ఆ కథలోకి రేవు రాకాసి వచ్చింది. ఏడు లంకల్లో ఎవరు ఎటు దాటాలన్నా ఆవిడ కూర్చున్న రేవు మీదుగానే వెళ్ళాలి. ఆవిడ కత్తి ఎత్తదు, కోరలు చూపించదు. మూడో కన్ను కొంగుతో తుడుచుకుని మర్యాదగా ఒక మాట అంటుంది. అన్నది జరుగుతుంది. “దయచేయండి. తమరు దిగేది ఆ ఒడ్డునా? అయ్యో, ఆ ఒడ్డు ఉండదండి” అంటే ఆ ఒడ్డు నీళ్ళలో కలిసిపోతుంది. నేను ముందు బొమ్మలు వేసి, రాకాసి నోటి దగ్గర మాటల బుడగ ఖాళీగా వదిలేసేదాన్ని. వారంలో ఎప్పుడో ఒకప్పుడు అత్తగారు అద్దాలు తుడుచుకునేవారు. నా బుడగ నిండేది. “తమరు బొమ్మలేసుకోండి. అన్నం దానంతటదే ఉడుకుతుంది, దానికి సిగ్గుంది కాబట్టి” అన్న మాట మూడు బొమ్మలకు సరిపోయింది.

రెండో ఏడు నాకు నాలుగో నెలలో కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక పడుకోలేక, పలక మీద కాయితం పెట్టుకుని ఏవో గీతలు గీస్తున్నాను. అత్తగారు గుమ్మంలో నిలబడి అద్దాలు తుడుచుకున్నారు.

“ఏం పర్లేదండి కోడలు గారూ. తమరు కాయితం మీద కంటున్నారు కదా.”

ఆ మాటకు నేను చచ్చిపోయాను. ఇది అలంకారానికి అనడం లేదు. ఆ మధ్యాహ్నం ఆవిడను చేతుల్తో చంపగలిగి ఉంటే చంపేదాన్ని. పది రోజులు ముద్ద మింగుడు పడలేదు. పదకొండో రోజు, రాకాసి ఒక రాణితో ఆ మాట అక్షరం పొల్లుపోకుండా అంది. ఆ శుక్రవారం మా ఆయన మొదటిసారి ఆశ్చర్యపోతూ ఇంటికొచ్చారు. ఎక్కడెక్కడి నుంచో జనం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపారట. ‘రాకాసిగారు అదరగొట్టేరండి’ అట. ఆ రోజు నుంచి నాకు పాఠకులున్నారు. నా బిడ్డ పోయినందుకు ఏడ్చానా, పేజీ పేలినందుకు మురిశానా అని అడిగితే, రెండూ ఒకే రోజు చేశానని చెప్పడానికి నాకు ఇప్పుడు సిగ్గు లేదు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. పట్టించింది మా ఆడపడుచు. ఆవిడ మస్కట్‌లో ఉండేది. తనతో గదిలో ఉండేవాళ్ళెవరో చూపిస్తే కథ చూసిందట. ఆ మూడో కన్ను తుడుచుకోవడం చూసీ చూడగానే గుర్తుపట్టేసింది. ఫోను చేసి వాళ్ళమ్మకు అంతా చెప్పింది. అత్తగారు రిసీవరు చెవికి ఆనించుకుని “ఆయ్... ఆయ్...” అంటూ పావుగంట విన్నారు. ఫోను పెట్టేసి కొడుకుని పిలిచి, “అవన్నీ కాయితాల మీద తీసి పట్రా నాన్నా” అన్నారు.

మూడు రోజులు ఆవిడ వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, ఆ కట్టంతా మొదటి పేజీ నుంచి చదివారు. మధ్యలో రెండుసార్లు నవ్వడం నేను విన్నాను. మూడో రోజు కాఫీ ఇవ్వబోతే కట్టలోంచి ఒక పేజీ తీసి చూపించారు.

“ఇక్కడ తప్పు రాసేవమ్మా. నేను ‘మీరు’ అన్లేదు, ‘తమరు’ అన్నాను.”

నిజమే. ‘తమరు’ అనే అన్నారు.

“బానే రాసేవు. అంతా నా నోరే,” అని కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు. “ఇంక అది నీకివ్వనమ్మా.”

ఇవ్వలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ‘గారు’ లేదు, ‘తమరు’ లేదు. పులుసులో ఉప్పెక్కువైతే మజ్జిగ కలుపుకుని తినేసేవారు. వచ్చిన చుట్టాలతో, “మా కోడలికి బొమ్మలంటే ప్రాణమండి, పాపం” అని మెచ్చుకునేవారు. ఊళ్ళో అందరూ అత్తాకోడళ్ళు ఎంత కలిసిపోయారో అని ముక్కున వేలేసుకున్నారు. లోపల నా బుడగలు ఖాళీగా ఎండిపోతున్నాయి. సొంతంగా రాద్దామని కూర్చుంటే మళ్ళీ వార్షికోత్సవం నాటకం మొదలైంది. ‘రాకాసిగారికి ఒంట్లో బాలేదాండి?’ అని ఎవరో రాశారు. తర్వాత ఇంకెవరో, ఈ మధ్య చప్పగా ఉంటోంది, మానేస్తున్నాం అని రాశారు.

నాకు ఈ భూమ్మీద నాదంటూ ఉన్నది ఆ కథ ఒక్కటే. అది ఆవిడ నోట్లో ఉండిపోయింది. ఎలాగైనా ఆ నోరు తెరిపించాలనుకున్నాను. పాలు పొంగించి పొయ్యంతా ఆర్పేశాను. ఆవిడకు పనసపొట్టు కూర ప్రాణమని తెలిసి, ఆవ పెట్టకుండా వండాను. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసే వేళకు రేడియో గట్టిగా పెట్టాను. దేనికైనా ఒకటే జవాబు, “పర్లేదమ్మా.” ఒక్కోసారి ఆవిడ చెయ్యి అద్దాల దాకా వెళ్ళేది. నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ముక్కు మీద దురదపెట్టినట్టు గోక్కుని చెయ్యి దించేసుకునేవారు. నాకు తెలుసు, ఆవిడ కావాలనే చేసేవారు. ఆ ఆటలో ఆవిడే నాకంటే మొనగత్తె.

అప్పుడు చేశాను ఆ పని. పెరట్లో ఒక గంగాళం ఉండేది. ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. చింతపండు పెట్టి ఆవిడే తోముకునేవారు, నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. పాత ఇత్తడి తీసుకుని కొత్త స్టీలు ఇచ్చేవాడు వీధిలోకి వస్తే, ఆవిడ గుడికి వెళ్ళిన సమయం చూసి గంగాళం ఇచ్చేసి, రెండు స్టీలు బిందెలు తీసుకున్నాను. ఆ బిందెల్ని తీసుకొచ్చి ఆవిడ నడిచే దారిలోనే పెట్టాను. పక్కన కాయితమూ పెన్సిలూ సిద్ధంగా పెట్టుకున్నాను. అది కూడా రాస్తున్నాను, చదివేవాళ్ళు నన్ను మంచిదాన్ననుకోకూడదని.

ఆవిడ వచ్చి బిందెల్ని చూశారు. పెరట్లోకి వెళ్ళి గంగాళం లేని చోటు చూసి వచ్చారు. ముఖం తెల్లగా పాలిపోయింది. మెట్టు మీద కూర్చుని, అద్దాలు తుడవకుండా, నా వైపు చూడకుండా, “మా అమ్మ నాకు అందులోనే నీళ్ళు పోసేదమ్మా” అన్నారు.

అంతే. తిట్టలేదు. నేను వెతుక్కుంటూ ఊళ్ళో రెండు వీధులు పరిగెత్తాను, వాడు దొరకలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడ్చాక, ఆ మాటను ఇల్లు మునిగిపోయిన ఒక ముసలి జాలరి నోట్లో పెట్టాను. ఆ వారం పాఠకులు తిరిగొచ్చారు.

తర్వాతి ఏడు శ్రావణంలో ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మూతి వంకర తిరిగింది. “అన్నీ అర్థమవుతాయండి, మాట మాత్రం రాదు,” అన్నాడు డాక్టరు. మా ఆయన గోడకానుకుని ఏడ్చారు. నాకు మొదట గుర్తొచ్చింది ఖాళీ బుడగలు.

నీళ్ళు పోశాను, జావ పట్టాను, పక్క గుడ్డలు మార్చాను. వచ్చినవాళ్ళు బంగారం లాంటి కోడలన్నారు. మధ్యాహ్నాలు ఆవిడ మంచం పక్కనే పలక పెట్టుకుని బొమ్మలు వేసేదాన్ని. కథ చివరికి వచ్చింది. పడవ నడిపే పిల్ల రాకాసిని చంపడానికి రేవులో దిగింది. రాకాసి ముఖం దగ్గరగా వేశాను. మూతి వంకరగానే వేశాను. ఎదురుగా ఉన్న దాన్ని చూసే కదా ఎప్పుడూ వేశాను. ఆవిడ దిండు మీంచి నన్నే చూస్తున్నారు. ఎడమ చెయ్యి ఎత్తి పేజీ ఇమ్మన్నట్టు ఆడించారు.

ఇచ్చాను. చాలాసేపు చూశారు. తన మూతి చూసుకున్నారు. తర్వాత వేలితో ఖాళీ బుడగను తట్టి, పెన్ను కోసం చెయ్యి చాపారు.

నాకు కలిగింది జాలి కాదు, ఆశ. పలక పట్టుకుని నిలబడ్డాను. ఎడమ చేత్తో, ఒక్కో అక్షరానికీ ఆగుతూ, చెమటలు పట్టేదాకా రాశారు. ‘కోడలు గారూ’.

“చెప్పండి అత్తయ్యగారూ,” అన్నాను. ఎన్నాళ్ళకు విన్నాను ఆ పిలుపు! ఆవిడ పెన్ను గుండెల మీద పెట్టుకుని, అద్దాలు తీసి, ఆ ఒక్క చేత్తోనే కొంగు వెతుక్కుని తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. నన్ను తేరిపార చూశారు. వంకర మూతి కాస్త నవ్వినట్టయింది. పెన్ను తీసి నా చేతిలో పెట్టేసి, కళ్ళు మూసుకున్నారు.

ఆ తర్వాత పన్నెండు రోజులు బతికారు. రోజూ జావ పట్టాక పెన్ను ఇచ్చి చూశాను. బతిమాలాను, ఒకసారి విసుక్కున్నాను, చివరి రోజుల్లో గంగాళం ఎందుకిచ్చేశానో చెప్పి కాళ్ళు పట్టుకున్నాను. ఆవిడ ఒక్కసారి కూడా పెన్ను ముట్టుకోలేదు.

ఏడు లంకల కథ అక్కడే ఆగిపోయింది. కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత అవీ ఆగాయి. ఆ పేజీ నా బీరువాలో ఉంది. బుడగలో ‘కోడలు గారూ’ కింద ఇంకా నాలుగు వరసల చోటుంది. పెన్సిలుతో రాసి, చెరిపి, మళ్ళీ రాసి, అక్కడ కాయితం పలచబడిపోయింది. ఏం రాసినా నేను రాసినట్టే ఉంటోంది.