ఆరున్నొకటి

మా ఇంట్లో ఏడు అనే అంకె ఉండేది కాదు. రాజోలు దగ్గర మా ఊళ్ళో ధాన్యం కొలిచే ఇళ్ళల్లో ఇది కొత్త సంగతేమీ కాదు. కుంచంతో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అనరు, "లాభం" అంటారు. తర్వాత రెండు, మూడు, అలా ఆరు దాకా వెళ్ళి, అక్కడ "ఆరున్నొకటి" అని, ఎనిమిదిలోకి వెళ్ళిపోతారు. రాశి ముందు కూర్చుని ఏడు అంటే లక్ష్మిని ఏడవమన్నట్టేనట. మిగతావాళ్ళు కొలతలప్పుడు పాటించి ఊరుకునేవారు. మా నాన్నగారు మాత్రం భోజనాల దగ్గరా, బస్టాండులోనూ కూడా పాటించేవారు. "ఆరున్నొకటి గంటల బస్సు వెళ్ళిపోయిందా అండీ?" అని అడిగితే కొత్త కండక్టర్లు తెల్లమొహం వేసేవారు.

మా అక్క కూతురు ఆయన పక్కన కూర్చునే లెక్క నేర్చుకుంది. బావగారు కువైట్లో ఉండేవారు కనక అక్కా, పిల్లా మా ఇంట్లోనే ఉండేవారు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను డిగ్రీ అయిపోయి, ఇంటి అరుగుమీద నలుగురు పిల్లలకి ట్యూషన్ చెప్పుకుంటూ ఉండేదాన్ని. పిల్లని ఒకటో తరగతిలో వేసిన రోజున అంకెలు చెప్పమంటే "లాభం, రెండు, మూడు" అందట. మేష్టారు పడీ పడీ నవ్వారట. అప్పుడు మేమూ నవ్వుకున్నాం. తర్వాత బడి లెక్క బడిలో, ఇంటి లెక్క ఇంట్లో అని అదే తెలుసుకుంది.

అది మూడో తరగతిలో ఉండగా, కార్తీక మాసంలో, అక్క పోయింది. పచ్చకామెర్లు. అమలాపురం ఆసుపత్రిలో పది రోజులుంది. పదో రోజు సాయంత్రం కాస్త తేరుకుని మాట్లాడింది. తెల్లారేసరికి లేదు.

ఇంటినిండా ఆడవాళ్ళు చేరి ఆరున్నొక్క రాగం అందుకున్నారు. మా ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కనక నేను పక్కింటివాళ్ళ వంటింట్లోకి వెళ్ళి వచ్చినవాళ్ళకి కాఫీలు కలిపాను. ఎన్ని గ్లాసులు కలిపానో ఇప్పటికీ చెప్పగలను. ఏమనిపించిందో మాత్రం చెప్పలేను. ఏమీ అనిపించలేదు. "తోడబుట్టింది పోతే కంట తడి పెట్టలేదు చూసేరా! గుండె కాదండీ అది, బండ" అని ఒకావిడ నాకు వినబడేలాగే అంది. వినబడింది. దానికీ ఏమీ అనిపించలేదు. పాలు పొంగుతుంటే దించాను.

పిల్ల కూడా ఏడవలేదు. ఎవరో గౌను మారిస్తే మార్పించుకుంది, అన్నం పెడితే తింది. బావగారు మూడో రోజుకి వచ్చారు. పదిహేను రోజులుండి వెళ్ళిపోయారు. ఇంట్లో ముగ్గురం మిగిలాం. ఎవరి పనులు వాళ్ళం చేసుకునేవాళ్ళం.

ఫిబ్రవరిలో మేష్టారు నన్ను బడికి రమ్మని కబురు పెట్టారు.

"ఇదేంటండీ ఇది? మంచి పిల్లండి. ఇప్పుడిలా అయిపోయింది. చూడండి" అని లెక్కల నోటు నా ముందు పెట్టారు. పదిహేనులోంచి ఎనిమిది తీసివేత. కింద జవాబు 61. దాని పక్కన ఎర్ర సిరాతో "ఏ లోకంలో?" అని రాసి ఉంది.

"తీసివేస్తే పెరగడమేంటండీ? పైగా ఎక్కాలు అప్పజెప్పమంటే నోరు విప్పదు. లెక్కల్లో పాసవకపోతే నాలుగులోకి పంపించనండి. తర్వాత నన్నేమీ అనుకోవద్దు" అన్నారు.

"ఆయ్" అని నోటు తెచ్చుకున్నాను. దారిలో అర్థమైంది, అది అరవై ఒకటి కాదు. ఆరు, పక్కన ఒకటి. ఆరున్నొకటి.

ఆ శుక్రవారం బావగారు ఫోన్ చేసే రోజు. ఊళ్ళో ఎస్టీడీ బూత్‌లో కూర్చుని సంగతి చెప్పాను. "తప్పిందంటే ఇంక అక్కడొద్దమ్మా. జూన్‌లో నర్సాపురం హాస్టల్లో వేసేద్దాం. పెళ్ళి కావలసిన పిల్లవి, నువ్వు మాత్రం ఎంతకని చూస్తావ్?" అన్నారు. ఆయన మంచికే అన్నారు. నర్సాపురం ఎంత దూరం, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే గోదావరి అవతల ఒడ్డు. కానీ అక్క తాలూకు నాకు మిగిలింది అదొక్కతే. అది పంటు ఎక్కి వెళ్ళిపోతే నాకు బాధ వేస్తుందా అని ఆలోచించి చూసుకున్నాను. వేస్తుందో లేదో తెలియలేదు. వెళ్ళకూడదని మాత్రం తెలిసింది.

మర్నాటి నుంచీ పట్టుకున్నాను. చింతపిక్కలు, చీపురుపుల్లలు, పదేసి పుల్లలకి ఒక దారం ముడి. కూడికలు చేసింది, హెచ్చవేతలు చేసింది. తొమ్మిదో ఎక్కం, ఇరవై ఆరున్నొకటితో సహా, గడగడా చెప్పింది. ఆరో ఎక్కం అయ్యాక సరాసరి ఎనిమిదో ఎక్కంలోకి దూకేది. పదిహేను పుల్లల్లోంచి ఎనిమిది తీసి, మిగిలినవి సరిగ్గా నా చేతిలో పెట్టేది. ఎన్నే అంటే "ఆరున్నొకటి". రాయవే అంటే 61.

"తాతగారు కొలిచే లెక్క వేరు, బడి లెక్క వేరు. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"తెలుసు పిన్నీ."

"తెలిస్తే రాసి ఏడవచ్చుగా!"

నా నోరు మంచిది కాదు. మొద్దావతారం అన్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అన్నాను. ఒకరోజు స్కేలు పెట్టి అరచేతి మీద కొట్టాను కూడా. ఏడవలేదు. చెయ్యి గౌనుకి రాసుకుని "ఇంకో లెక్క ఇవ్వు పిన్నీ" అంది. ఎవరి పోలికో ఈ మొండి ఘటం అనుకున్నాను. ఇంకెవరి పోలిక, నా పోలికే.

మార్చి ఆఖర్లో, చిత్తు కాగితాల కోసం బీరువా కింద అర వెతుకుతుంటే దాని పాత నోటు దొరికింది. దసరా సెలవుల ముందుది. 7, 17, 70, అన్నీ గుండ్రంగా, అందంగా రాసి ఉన్నాయి. ఏడో ఎక్కం మొత్తం ఒక పేజీనిండా ఉంది. కింద మేష్టారి రైటు.

నోటు తీసుకెళ్ళి అరుగుమీద దాని ముందు పడేశాను. "ఇది నువ్వు రాసిందేగా? అప్పుడు వచ్చిన అంకె ఇప్పుడెక్కడికి పోయిందే?"

నోటుకేసి చూసింది. పేజీ తిప్పి మూసేసింది.

"ఆసుపత్రిలో అమ్మ అప్పజెప్పమంది" అంది.

"ఏం అప్పజెప్పమంది?"

"ఆరున్నొకటో ఎక్కం. మంచం పక్కన కూచుని మొత్తం చెప్పేను. ఒక్క తప్పు కూడా లేదు. బాగా చెప్పేవంది అమ్మ." గోటితో నోటు అట్ట గీకింది. "తాతగారు అనకూడదన్నారు కదా పిన్నీ. నేను అన్నిసార్లు అన్నాను. పొద్దున్నకి అమ్మ లేదు."

ఇలాంటప్పుడు పిల్లని దగ్గరికి తీసుకోవాలని నాకు తెలుసు. నా చేతులు లేవలేదు. "నీ వల్ల కాదే" అన్నాను. పాఠం చెప్పినట్టే ఉంది నా గొంతు. అది తలూపింది, నమ్మలేదు. "అన్నం తిందువుగాని రా" అని లేచాను.

మధ్యాహ్నం నాన్నగారికి చెప్పాను. పడక్కుర్చీలో పడుకుని ఉన్నవారు లేచి కూర్చున్నారు.

"ఎన్నిసార్లు అనాలమ్మా ఆ ఎక్కంలో?"

"వరసకొకసారైనా అనాలండి. పది వరసలు."

"నేనే కదమ్మా నేర్పేను" అన్నారు.

ఏప్రిల్లో రెండో పంట దాళ్వా కోతలై ధాన్యం కళ్ళానికి వచ్చింది. కొలిచే రోజున నాన్నగారు పిల్లని పిలిచి రాశి పక్కన కూర్చోబెట్టారు. నేను మజ్జిగ పట్టుకెళ్ళి అక్కడే ఆగాను. బస్తా మూతి పట్టుకుని పాలేరు నిలబడ్డాడు. ఆయన కుంచం ముంచి పోయడం మొదలుపెట్టారు. "లాభం. రెండు. మూడు." ఆరు దాకా మామూలుగానే అన్నారు. తర్వాత కుంచం నిండుగా ముంచి, బస్తా దాకా తెచ్చి, ఆగిపోయారు. కుంచం ఒరిగి గింజలు కిందికి రాలాయి.

"ఏడు" అన్నారు.

పాలేరు బస్తా వదిలేసినంత పని చేశాడు. "అయ్యబాబోయ్, అదేంటండీ బాబూ!"

"ఏడు అన్నాన్రా. చెవుడా నీకు? సరిగ్గా పట్టుకో. ఎనిమిది."

రాశి అయ్యేవరకూ ఎక్కడ వస్తే అక్కడ అలాగే అన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి, పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ అనని మాట. అన్నప్పుడల్లా పిల్లకేసి చూస్తున్నారు. పిల్ల బస్తాకేసి చూస్తోంది. చివరి కుంచం అయ్యాక బావి దగ్గరికి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నారు. పిల్ల లేచింది. రాలిన గింజలు ఏరి రాశి చోట పోసి, నాతో ఇంటికి వచ్చింది.

పరీక్ష సంగతి ముందే చెప్పేస్తాను. పాసయింది. నలభై రెండు మార్కులు. బావగారు సరే అన్నారు, హాస్టల్ మాట మళ్ళీ రాలేదు. అయితే నేను చెప్పదలుచుకున్నది పరీక్ష ముందు రోజు సంగతి.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. అరుగుమీద చాప వేసుకుని కూర్చున్నాం. నాన్నగారు లోపల నిద్రపోతున్నారు. పలక మీద పదిహేనులోంచి ఎనిమిది రాసి దాని ముందు పెట్టాను. కావాలనే ఆ లెక్క ఇచ్చాను. "రాయక్కర్లేదు, నోటితో చెప్పు" అన్నాను. ఇప్పుడు కూడా ఆరున్నొకటి అంటే ఇంక నా వల్ల కాదు, జూన్‌లో ట్రంకుపెట్టె సర్దడమే అనుకున్నాను. అలా అనుకున్నప్పుడు కూడా లోపల ఏమీ కదల్లేదు.

అది పలకకేసి చూడలేదు. వేళ్ళు మడవలేదు. నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. అక్క పోయిన దగ్గర్నుంచీ ఎవరూ నా మొహంలోకి అంతసేపు చూడలేదు.

"ఏడు పిన్నీ" అంది.

అది లెక్కకి జవాబే చెప్పింది. నేను అది చెప్పినట్టు చేశాను.