తెర మీద పారిన కాలువ

నా పదవీ విరమణకు ఇంకా కొన్నేళ్లున్నాయనగా, కాలువకు నీళ్లు వదిలే ముందు, జూలై నెలలో నన్ను ఎమ్మిగనూరు సబ్‌డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. కాలువల శాఖలో డీఈఈ అంటే మధ్యమెట్టు. కింద సెక్షన్లు చూసే అసిస్టెంట్ ఇంజనీర్లు, అంటే ఏఈలు; పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ. నీళ్లు వదలమనీ ఆపమనీ ఉత్తర్వు ఇచ్చేది ఈఈ. ఆ నీళ్లు చివరి పొలం దాకా చేర్చే బాధ్యత, చేరకపోతే తిట్లు తినే బాధ్యత డీఈఈవి. నా కింద ఒక డిస్ట్రిబ్యూటరీ ఉండేది, అంటే పెద్ద కాలువ నుంచి చీలి ఊళ్ల వైపు పోయే పాయ. దాని పేరు చెప్పను. నీళ్లు చాలవు కాబట్టి వంతుల మీద వదిలేవాళ్లం. మా వంతు ముగియగానే తూము మూసి పక్క పాయకు మళ్లించాలి.

నేను చేరిన కొత్తల్లోనే ఆదోనిలో ఒక హోటల్ హాల్లో మమ్మల్నందరినీ కూర్చోబెట్టారు. బెంగళూరు నుంచి ఒక చిన్న కంపెనీ కుర్రాళ్లు వచ్చారు. కాలువ గట్టున స్తంభం పాతి, నీటి మట్టం చూసే సెన్సర్ బిగించి, ఆ లెక్కను ఇంటర్నెట్ ద్వారా పంపి, ఈఈ ఫోన్‌లో రంగుల్లో చూపిస్తారట. నీళ్లు నిండుగా పోతుంటే పచ్చ, తగ్గితే పసుపు, ఆగితే ఎరుపు.

వాళ్ల నాయకుడి పేరు ప్రణీత్. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, ఉత్సాహానికి కొదవ లేదు. కాకపోతే ఆ ఉత్సాహం కాలువ మీద కాదు. రెండు గంటల ప్రదర్శనలో కాలువ ప్రస్తావన ఎంతసేపు వచ్చిందో నాకు గుర్తు లేదు గానీ, ఏ క్లౌడ్ నుంచి ఏ క్లౌడ్‌కు ఎందుకు మారారో, ఏ టూల్‌తో గ్రాఫులు గీశారో, ఎన్ని ఊళ్లు కలిసినా వ్యవస్థ కూలకుండా ఎలా తనంతట తానే పెరుగుతుందో, అంతా చెప్పాడు. "దీనికి సర్వరే ఉండదు మేడమ్!" అన్నాడొకసారి, కొత్త బండి కొన్నవాడి మొహంతో. సర్వర్ ఉంటే మాకేం, లేకపోతే మాకేం అని నా పక్కన కూర్చున్న ఏఈ గొణిగాడు. ముందు వరుసలో అధికారులు చప్పట్లు కొట్టారు. అర్థమైన వాళ్లు తక్కువగా కొట్టినట్టున్నారు.

నేను ఒకే ప్రశ్న అడిగాను. సెన్సర్ కొలిచేది మట్టం, మాకు కావలసింది ప్రవాహం. ఆ రెంటికీ మధ్య సూత్రం ఉంది నిజమే, కానీ కింద నీళ్లు అడ్డం లేకుండా పోతున్నప్పుడే అది పనిచేస్తుంది. కింద ఎవరైనా అడ్డుకట్ట వేస్తే నీళ్లు వెనక్కి ఎగదన్ని మట్టం పెరుగుతుంది, ప్రవాహం మాత్రం పడిపోతుంది. అప్పుడు మీ తెర ఏం చూపిస్తుంది?

"అది ఎడ్జ్ కేస్ మేడమ్. ఫేజ్ టూలో చూద్దాం" అన్నాడు.

ఎప్పుడో అరుదుగా జరిగేదాన్ని వాళ్లు ఎడ్జ్ కేస్ అంటారట. నా సర్వీసులో ఏ కాలువ మీదా అడ్డుకట్ట పడని పంటకాలాన్ని నేను చూడలేదు. ఆ మాటా చెప్పాను. అతను తల ఊపి, తర్వాతి స్లయిడ్‌కు పోయాడు. సెన్సర్లు వచ్చాయి. అవి ఉన్నాయి కదా అని, ఖాళీగా ఉన్న లస్కర్ పోస్టులు భర్తీ చేయడం మానుకున్నారు. గట్టు వెంట నడిచి కాలువను చూసుకునే మనిషిని లస్కర్ అంటాం. అలా గట్టు మీద మనిషి పోయి స్తంభం మిగిలింది.

మిరప పూత, పిందె మీద ఉన్న రోజుల్లో, మా వంతు ఇక మర్నాడు ముగుస్తుందనగా, చివరి ఊరి రైతులు ఆఫీసుకు వచ్చారు. ముందు నిలబడి మాట్లాడింది ఉరుకుందమ్మ. కౌలుకు తీసుకున్న చేలో మిరప వేసిన మనిషి. వంతు మొదలైనప్పటి నుంచీ వాళ్ల కాలువలోకి తడి కూడా రాలేదు.

నేను వాళ్ల ముందే ఈఈకి ఫోన్ చేసి, వంతు పొడిగించమని అడిగాను. ఆయన తన ఫోన్ చూసుకున్నారు. మీ పాయ పచ్చగా ఉంది, మొదటి రోజు నుంచీ నిండుగా పోతోంది, వాళ్ల వాటా ముట్టింది, రైతులు అలాగే అంటారు, రేపు పొద్దున తూము మూసేయండి అన్నారు. ఆయన గొంతు పెద్దది. గదిలో అందరికీ వినబడింది.

"మీ పోన్లో నీళ్లు పారతాండాయంట గదా మేడమ్మా" అంది ఉరుకుందమ్మ. "మా సేన్లోకి రాలేదే. ఆ పోను తెచ్చి మిరప సెట్టు మొదట్లో పెట్టమంటారా?"

ప్రణీత్‌కు ఫోన్ చేశాను. ఏదో ప్రదర్శన కోసం ఆ రోజు ఆదోనిలోనే ఉన్నాడు. డేటా చూసి సంతోషంగా చెప్పాడు: "మీ స్టేషన్ డేటా చాలా క్లీన్‌గా ఉంది మేడమ్. ఇంత స్మూత్ గ్రాఫ్ మాకు ఎక్కడా రాలేదు. అన్ని ప్రెజెంటేషన్లలో మీదే చూపిస్తున్నాం."

పారే నీటి మట్టం కాస్తయినా ఊగుతుంది. ఊగని నీళ్లంటే నిలిచిన నీళ్లు. ఉన్నపళంగా గట్టు మీదికి రమ్మన్నాను. అది ఆహ్వానం కాదని గొంతును బట్టి తెలిసినట్టుంది, వచ్చాడు.

ఉరుకుందమ్మనూ ఇంకో ఇద్దరినీ జీపులో ఎక్కించుకుని, ప్రవాహ వేగం కొలిచే కరెంట్ మీటర్ తీసుకుని నేనూ ఏఈ వెళ్లాం. స్తంభం దగ్గర కాలువ నిండుగా, చూడముచ్చటగా ఉంది. మీటర్ నీళ్లలో దించాను. దాని చక్రం బద్ధకంగా ఒకటి రెండు చుట్లు తిరిగి నిలిచిపోయింది. గట్టు వెంట కిందికి నడిస్తే మలుపు దాటాక కనిపించింది అడ్డుకట్ట. ఇసుక బస్తాలు, మట్టి, పైన రాళ్లు. పక్కనే పై ఊరి వాళ్ల మోటార్లు వరసగా నీళ్లు తోడుతున్నాయి. కట్టకు అవతల కాలువ అడుగు నెర్రెలిచ్చి ఉంది.

ప్రణీత్ ఇటు నీళ్లు, అటు నెర్రెలు చూశాడు. కాసేపటికి ముఖం వెలిగింది. "ఇక్కడ కెమెరా పెడితే మేడమ్, ఇమేజ్ ద్వారా అడ్డుకట్టను గుర్తుపట్టే సర్వీస్ ఒకటి కొత్తగా వచ్చింది..." అని మొదలుపెట్టాడు.

ఉరుకుందమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఈయప్ప యాడికొచ్చినాడో ఈయప్పకైనా తెలుసునా మేడమ్మా?" అంది.

అతను మాట మధ్యలోనే ఆపి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. నేను అతన్ని చూసిన అన్నాళ్లలో అదొక్కసారే.

పై ఊరి వాళ్లు పోగయ్యారు. "మా మోటార్లకి నీళ్లు అందొద్దా? పోయినేడు కూడా ఏసినాం, ఎవురూ అడగలేదు" అన్నాడొకాయన. అడిగే లస్కర్ లేడు కాబట్టి అడగలేదు. కేసు పెడతానని చెప్పి, మా మనుషుల చేత బస్తాలు తీయించాను. నీళ్లు బురదరంగు నురగతో కిందికి దూకాయి. మీటర్ లెక్కలూ ఫొటోలూ ఈఈకి పంపాను. మర్నాడు పొద్దున తూము మూయలేదు. రెండు రోజులు అదనంగా పారించాను. దానికి నాకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. అందులో నా మీద సాక్ష్యంగా జతచేసింది ఆ పచ్చ గ్రాఫే. కరెంట్ మీటర్ లెక్కలతో జవాబు రాశాను. చాలా నెలల తర్వాత ఆ ఫైలు మూశారు, తప్పు నాది కాదని మాత్రం ఎవరూ రాయలేదు.

ఉరుకుందమ్మ చేలో కాలువ వైపు మిరప నిలబడింది. దూరపు మళ్లలో పూతా పిందే అప్పటికే రాలిపోయాయి. ఆమె నాకు కృతజ్ఞతలేమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ వ్యవస్థలో పనికొచ్చిన భాగం ఒకటి ఉంది. ఏ ఊరికి ఏ రోజు వంతో రైతుల మామూలు ఫోన్లకు తెలుగులో సందేశం వచ్చేది. దాన్ని నమ్ముకుని జనం పనులు సర్దుకున్నారు. ప్రణీత్‌ను అడిగితే, అది ఎవరైనా చేయగలరు మేడమ్, చూపించడానికి అందులో ఏముంది అన్నాడు. మరుసటి ఏడు వాళ్లు కొత్త ప్లాట్‌ఫామ్‌కు మారినప్పుడు ఆ సందేశాల్ని వదిలేశారు. గ్రాఫుల్ని మాత్రం భద్రంగా తీసుకెళ్లారు.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నంతకాలం ఇలాంటివి చూపించడానికి వచ్చిన ప్రతివాళ్లనూ ఒకటే అడిగాను: ఇది తప్పు చెప్తే ముందుగా ఎవరికి తెలుస్తుంది, ఆ మనిషి ఆ మాట ఎక్కడ చెప్పాలి? కాలువ విషయంలో ముందుగా తెలిసేది చివరి చేను రైతుకు. ఆ రైతు మాట చేరే దారి చూపించలేని వాళ్ల ఫైలు మీద నేను సిఫార్సు రాయలేదు. మూడు ఫైళ్లు అలాగే వెనక్కి పోయాయి.