మంద రాని చేను

మొన్న మాధవరంలో మా డాబా మీది మల్లె తొట్లకని కోడలు గొర్రెల ఎరువు కొనుక్కొచ్చింది, మిఠాయిలాగా రంగురంగుల ప్యాకెట్టులో. “ఈడ మట్టిలో సత్తువ లేదత్తా, ఇది వేస్తే దా పూసేది” అంది ఇక్కడి అరవ యాసలో. పాపం, తనకేం తెలుసు! నాకు మాత్రం ఆ ప్యాకెట్టు చూడగానే ఒళ్ళు మండిపోయింది.

అనంతపురం వైపు మెట్ట ఊరు మాది. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కోతలయ్యాక గొర్రెలకాపరులు వస్తే, ముందు ఎవరి చేలో మంద కట్టాలా అని ఊళ్ళో పోట్లాటలయ్యేవి. పగలంతా ఊరి బీట్లో మేసిన గొర్రెలు రాత్రికి చేలో పడుకుంటే తెల్లారేసరికి నేలంతా ఎరువే. కాపరులకు అమ్మ రాగిసంకటి పంపేది, నాన్న జొన్నలు కొలిచేవాడు. ఆ చేలో కొర్ర, కంది, అలసంద కలిపి చల్లేవాళ్ళం, ఒకటి పోయినా ఇంకొకటి ఇంటికొచ్చేది.

తరవాత వేరుశనగ పిచ్చి పట్టింది. పెదనాన్న ట్రాక్టరు తెచ్చి, తుమ్మా రేగూ పీకించి ఊరి బీడు దున్నించాడు. ఆయన దున్నితే మనమేం తక్కువ తిన్నామా అని ఊరంతా ఎగబడింది, మా నాన్నతో సహా. ఇంత చేసిన మహానుభావులు, ఆ ఏడు కోతలయ్యాక ఎప్పటిలాగే మంద కోసం ఎదురుచూశారు! నాన్న జొన్నల మూట పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. చివరికి కాపరి ఒక్కడే వచ్చి, “పగులు మేసే చోటు దున్నేస్తిరి. రేత్రి పండుకునేకి యాడ వస్తాయప్పా?” అనేసి, మూట వైపైనా చూడకుండా వెళ్ళిపోయాడు. నాన్న ఆ మూట ఇంటికి మోసుకొచ్చి మూలన పడేశాడు.

ఎరువు లేదు, గాలికి అడ్డంగా చెట్టు లేదు, ఏటేటా అదే వేరుశనగ, వేళ్ళతో సహా పీకడం. ఆషాఢం గాలికి మెత్తని మన్నంతా లేచిపోయి ఇసుక మిగిలింది. వాన ఇవ్వక దేవుడు చిన్నచూపు చూశాడని మావాళ్ళు ఇప్పటికీ అంటుంటే నాకు కోపం ఆగదు. మెట్టలో వాన ఎప్పుడు దండిగా కురిసి చచ్చింది కనక! ఆ బీడు దేవుడొచ్చి దున్నాడా?

నిన్న తమ్ముడు ఫోను చేసి, ఇసుక గట్టు దాటి మేట వేసిందనీ, నాన్న చేను ఊరికే ఇస్తానన్నా సేద్యానికి ఎవరూ రావడం లేదనీ ఏడ్చాడు. నాన్న మూట పెట్టుకుని కూర్చున్న ఆ చోట మంద పడుకోవడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. చుట్టుపక్కల మేయడానికే గడ్డిపరక లేదు.