చేపల వాటా

మూడో తరగతిలోనే బడి మానేసిన నేను, శ్రీహరికోట దగ్గర యానాదుల పల్లెలో బడి కట్టడానికి పాకాల నుంచి మేస్త్రీగా వెళ్లాను. నెలరోజులు ఆపకుండా కబుర్లు చెప్పి వాళ్లను తెగ నవ్వించాను. అయినా చేపలకు పోయేటప్పుడు నా జతగాడు సుబ్బన్ననే పిలిచేవాళ్లు. నాకు కడుపు మండిపోయేది.

"ఉలకడు, పలకడు! వాడిలో ఏముండాదప్పా?" అని పెద్దాయన పోలయ్యను నిలదీశాను.

"మేం చేతుల్తో తడిమి పట్టేవాళ్లం సామీ. నీ నోటికి చేప నిలస్తాదా?"

మర్నాడు నోరు మూసుకుని వాళ్లతో నీళ్లలో దిగాను. ఒక్కటీ దొరకలేదు. అయినా పోలయ్య అందరితో సమానంగా నాకూ వాటా పెట్టాడు. నీళ్లలో దిగితే చాలట.

"నెలరోజులుగా నాకూ ఒక్కటీ చిక్కలేదబ్బా," అన్నాడు సుబ్బన్న, తిరిగొస్తూ.

"ముందే చెప్పుంటే నేనింత కుళ్లుకునేవాణ్ణి కాదు గదరా!"

"నువ్వు నన్ను మాట్లాడనిస్తే గదా!"